పెరటిలోని ప్లమ్ చెట్టు

కిందటి సంవత్సరము వేసవి చివర మా కేంద్రమునకు ఒక జాబు వచ్చినది. వ్రాసినవారు గుంటూరు జిల్లాకు చెందిన ఒక గృహిణి. జాబు మాత్రము గుంటూరు నుండి కాదు, అమెరికాలోని శాన్ హోసే నగరమునుండి వచ్చినది. అక్కడ ఉద్యోగము చేసికొనుచున్న కూతురి ఇంట ఆరు నెలలు ఉండి వత్తమని ఆమె వెళ్ళినారట. ఆ ఇంటి పెరటిలో ఒక ముసలి చెట్టు కలదట. జూన్ మాసము వచ్చుసరికి ఊదారంగు కలసిన ఎఱ్ఱని పండ్లతో కొమ్మలు వంగిపోయినవట. దోరకాయలతో ఆమె పచ్చడి నూరినారు. పండిన పండ్లను గిన్నెలకెత్తి ఇరుగుపొరుగులకు పంచిపెట్టినారు. “తోలు దగ్గర పులుపు, లోపల తేనె, ఇటువంటి పండును మన బజారులో నేనెన్నడును తినలేదు” అని వ్రాసినారు.

జాబులో అసలు సంగతి చివర ఉన్నది. కూతురును అల్లుడును ఇంటికి ఒక గది కలుపుకొనదలచినారు. గది రావలెనన్న చెట్టు పోవలెను. పండును విదేశమునుండి తేరాదని ఆమెకు తెలియును. “నాలుగు టెంకలనైనను కొంగున కట్టుకొని వచ్చి మన పెరటిలో పాతినచో ఇదే పండు కాయునా? తోటలను గురించి మీరు చెప్పించు ప్రసంగములను ముప్పది ఏండ్లుగా వినుచున్నాను. కావున మిమ్ములనే అడుగుచున్నాను” అని ఆమె ప్రశ్న.

రెండు ముక్కలలో సమాధానము చెప్పవలెనన్న, కాయదు. ఆ సమాధానమును ఆమెకు వెంటనే వ్రాసితిమి. కాని ఎందుకు కాయదో, కాయనప్పుడు ఆ పండును నిలుపుకొనుటకు మార్గమేదో చెప్పుటకు ఒక పూర్వకథను విప్పవలసియున్నది. ఆ కథ ఆమె కూర్చుండి జాబు వ్రాసిన లోయలోనే కొంత, ఆ లోయకు ఉత్తరముగా సుమారు నూరు మైళ్ళ దూరమున నున్న శాంటా రోసా అను పట్టణములో కొంత జరిగినది.

ప్లమ్ అను పేరు మనకు కొత్తది కావచ్చును గాని పండు మరీ కొత్తది కాదు. హైదరాబాదు పచారీ దుకాణములలో నల్లగా ముడుతలు పడి, పుల్లగా తియ్యగా ఉండు ఆలుబుఖారా మనము ఎరిగినదే. అది ఎండబెట్టిన ప్లమ్ పండు. పారసీక భాషలో ఆలూ అనగా ప్లమ్. బుఖారా మధ్య ఆసియాలోని ప్రాచీన నగరము. ఆ వైపు నుండి ఒంటెల బారులపై వచ్చిన పండు కావున దానికాపేరు స్థిరపడినది. హిందూస్థానీలో బంగాళాదుంపకును ఆలూ అనియే పేరు. ఈ రెండు ఆలూల ముచ్చటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. ఈ కథలో అవి పదే పదే కలిసికొనును.

ప్లమ్ జాతులు లోకమున అనేకము. వానిలో ముఖ్యమైన శాఖలు రెండు. ఒకటి ఐరోపా ప్లమ్. రోమనుల కాలమునకే ఇటలీ తోటలలో దీని రకములు లెక్కకు మిక్కిలిగా ఉండినట్లు క్రీస్తు శకము మొదటి శతాబ్దమున ప్లినీ అను పండితుడు వ్రాసియున్నాడు. తీపి ఎక్కువగా గల కొన్ని ఐరోపా రకములు చెడకుండ ఎండును. వానినే ప్రూన్లు అందురు. రెండవది జపాను ప్లమ్. పేరు జపానుదైనను పుట్టినిల్లు చైనా. పండు పెద్దది, రసము ఎక్కువ, పూత ముందు వచ్చును. మన దేశమున హిమాచల ప్రదేశములోను, నీలగిరులలోను, కొడైకెనాలు కొండలలోను ప్లమ్ పండుచున్నది. దక్షిణపు వేడి మైదానములలో పండదు. శీతకాలమున ఆకు రాల్చి నిద్రించు చెట్లకు చలి ఒక ఆహారము వంటిది. శాంటా రోసా అను రకము తక్కువ చలితో తృప్తిపడునదని పేరు పొందినది. దానికైనను ఏడు డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చలి సుమారు 300 నుండి 400 గంటలు కావలెను. ఆ చలి చాలనిచో మొగ్గలు సరిగా మేల్కొనవు. గుంటూరు మాఘమాసములో అంత చలిని ఎక్కడినుండి తెత్తుము?

చలి సంగతి అటుండనిచ్చి టెంక సంగతికి వత్తము. బంగినపల్లి మామిడి టెంకను పాతినచో బంగినపల్లి రాదని మన పల్లెలలో పిల్లలకును తెలియును. మామిడి మొలచును, కాచును. కాని ఆ కాయ పీచుదో, పుల్లనిదో, చిన్నదో, ఏమైనను కావచ్చును. టెంకలోని బీజము తల్లి ఒక్కదాని సొత్తు కాదు. పూతవేళ ఏ తేనెటీగ ఏ చెట్టు పుప్పొడిని తెచ్చి అంటించినదో ఆ రక్తమును అందు కలిసియుండును. ప్లమ్ విషయమును ఇంతియే. కావుననే మంచి పండును నిలుపవలెనన్న కొమ్మను కోసి అంటు కట్టుట ఒక్కటే దారి. అంటు కట్టిన చెట్టు పిల్ల కాదు. తల్లియే మరియొక వేరుపై నిలిచి బ్రతుకుచున్నదని అర్థము. అనగా ఒక రకమునకు చెందిన ప్లమ్ చెట్లు లోకమున ఎన్ని లక్షలున్నను అవి యన్నియు తొలుత ఎక్కడనో మొలచిన ఒక్క చెట్టు కొమ్మలే. ఈ గొలుసులో ఒక లంకె తెగిన, కత్తి పట్టిన ఒక తరము మరచిన, ఆ పండు మరల రాదు.

ఇక మన కథ. 1849లో కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని విని లోకము నలుమూలలనుండి జనము పరుగెత్తినారు. వారిలో లూయీ పెలియే అను ఫ్రెంచివాడు ఒకడు. బంగారము అందరికి అందలేదు. పెలియే శాన్ హోసే చేరి నర్సరీ పెట్టి మొక్కలు అమ్ముట మొదలు పెట్టినాడు. అతని సోదరుడు పియేర్ స్వదేశమునకు పోయి 1856లో మరలి వచ్చునప్పుడు ఫ్రాన్సులోని ఆజాన్ ప్రాంతపు ప్రూన్ చెట్టు కొమ్మలను తెచ్చినాడు. అంత దూరపు ఓడ ప్రయాణములో పుల్లలు ఎండిపోకుండుటకు వాని మొదళ్ళను పచ్చి బంగాళాదుంపలలో గ్రుచ్చి, రంపపుపొట్టులో కప్పి, పెట్టెలలో పెట్టి తెచ్చినారని చెప్పుదురు. ఒక ఆలూ మరియొక ఆలూకు ప్రాణము పోసినదన్నమాట!

ఆ పుల్లలనుండియే శాంటా క్లారా లోయలో ప్రూన్ తోటలు విస్తరించినవి. వసంతమున లోయ యంతయు తెల్లని పూతతో నిండెడిది. హృదయానందపు లోయ అని దానికి పేరు వచ్చినది. పంట కాలమున ఆజాన్ ప్రూన్లను చెట్టునుండి కోయరు. పండి తమంతట తాము రాలువరకు ఆగి నేలనుండి ఏరుదురు. ఏరిన పండ్లను వేడి క్షారజలములో ముంచి తీసి, చెక్క పళ్ళెరములలో పరచి ఎండలో పెట్టెడివారు. బడి పిల్లలును ఇంటి ఆడవారును మోకాళ్ళపై కూర్చుండి ఏరుచుండెడి ఆ పని ఆ లోయ కుటుంబములకు వేసవి పండుగయు, వేసవి కష్టమును కూడ అయి ఉండెను.

ప్రూన్ తోటలపై జనమునకు మోజు పెరిగిన ఆ దినములలోనే శాంటా రోసాలో ఒక పేద నర్సరీవాడు తన అదృష్టమును వెదకికొనుచున్నాడు. అతని పేరు లూథర్ బర్బాంక్. 1849 మార్చి 7వ తేదీన అమెరికా తూర్పు తీరమున మసాచుసెట్స్ రాష్ట్రములోని లాంకాస్టర్‌లో పుట్టినాడు. తండ్రికి కలిగిన పదునైదుగురు బిడ్డలలో ఇతడు పదమూడవవాడు. పెద్ద చదువు చదువలేదు. గ్రంథాలయములో డార్విను వ్రాసిన పుస్తకము ఒకటి చదివి, మనుష్యుడు సాకిన మొక్కలలోను జంతువులలోను మార్పు ఎట్లు కలుగునో తెలిసికొని, జీవితమంతయు ఆ పనికే ధారపోయ నిశ్చయించినాడు.

అతని మొదటి విజయము ప్లమ్ కాదు, రెండవ ఆలూయే. బంగాళాదుంప మొక్కకు కాయ కాయుట అరుదు. తన పెరటి మడిలో ఎర్లీ రోజ్ అను రకమునకు ఒక కాయ కాచుట చూచి, అందలి 23 గింజలను నాటి, వచ్చిన మొక్కలలో ఒకదానిని ఏరినాడు. ఆ దుంప పెద్దది, నునుపైనది, దిగుబడి మెండు. దాని హక్కును 150 డాలర్లకు అమ్మివేసి, తనకు పది దుంపలు మాత్రము ఉంచుకొని, 1875లో కాలిఫోర్నియాకు రైలెక్కినాడు. ఆ దుంపనుండి తరువాత వచ్చిన గరుకుతోలు రకమే రస్సెట్ బర్బాంక్. లోకమంతట వేపుడు ముక్కలుగా అమ్ముడగుచున్న బంగాళాదుంపలలో దానిది పెద్ద వంతు. దానిని కనిపెట్టినవానికి దక్కినది ఆ 150 డాలర్లే.

శాంటా రోసాలో మొదటి సంవత్సరములు అతనికి కూలిపనితో గడచినవి. 1881 వసంతమున పెటలూమా పట్టణమునుండి వారెన్ డట్టన్ అను ధనికుడు వచ్చి, “ఈ సంవత్సరము గడచులోపల నాకు 20,000 ప్రూన్ మొక్కలు కావలెను” అని అడిగినాడు. నర్సరీలవారందరు అది అసాధ్యమన్నారు. టెంక మొలచి, మొక్క పెరిగి, అంటు కట్టి, ఆ అంటు ఎదుగుటకు రెండు మూడు సంవత్సరములు పట్టును. బర్బాంక్ ఒప్పుకొన్నాడు. ప్లమ్ టెంకలు ఆ ఋతువులో త్వరగా మొలవవు. బాదం గింజలు మొలచును. బాదమును ప్లమ్‌కు దగ్గరి చుట్టమే. ఇసుకలో బాదం గింజలు పరచి, పైన తడి గోనెపట్టాలు కప్పి, మొలచినవానిని మొలచినట్లు తీసి మడులలో నాటించినాడు. వేసవి నడిమికి ఆ మొక్కలు అంటుకు అందివచ్చినవి. ఒక్కొక్క బాదం మొక్క బెరడును చీల్చి అందులో ప్రూన్ కన్ను నొకదానిని చొప్పించి కట్టించినాడు. కన్ను అతికిన పిమ్మట పైభాగమును పూర్తిగా నరుకలేదు. సగము విరిచి వ్రేలాడవేసినాడు. నరికినచో వేరు ఆకలితో చచ్చును. విరిచినచో పాత ఆకులు వేరును పోషించుచుండగా రసము క్రొత్త కంటికి ఎక్కును. డిసెంబరు నాటికి 19,500 మొక్కలు డట్టనుకు ముట్టినవి. మన తోటమాలులు ఈ ఒక్క కిటుకును తెలిసికొన్నను ఈ ప్రసంగము వృథా కాదు.

ఆ సొమ్ముతోను ఆ పేరుతోను బర్బాంక్ తన అసలు పనికి దిగినాడు. జపాను దేశమున సత్సుమా ప్రాంతములో నెత్తురువలె ఎఱ్ఱని గుజ్జు గల ప్లమ్ కలదని ఒక నావికుని వృత్తాంతములో చదివియుండినాడు. యొకొహామాలోని ఒక వర్తకునికి వ్రాసి మొక్కలు తెప్పించినాడు. మొదటిసారి వచ్చినవి దారిలో చచ్చినవి. 1885 చివర వచ్చిన పండ్రెండు మొక్కలు బ్రతికినవి. ఆ పండ్రెండే అమెరికా ప్లమ్ చరిత్రను మార్చినవని చెప్పవచ్చును. వానిలో ఒకటి సత్సుమా అను పేరను, మరియొకటి బర్బాంక్ అను పేరను వ్యాప్తి చెందినవి.

అంతటితో ఆగినచో అతడు మంచి మొక్కల వర్తకుడే అయి ఉండెడివాడు. అతడు ఆ జపాను ప్లమ్‌ల పుప్పొడిని ఇతర జాతుల పూవులకు అంటించినాడు. చైనానుండి వచ్చిన గట్టి పండు గల సైమన్ ప్లమ్, అమెరికా అడవి ప్లమ్ మొదలైనవానితో కలిపి వేలకొలది టెంకలు నాటినాడు. శాంటా రోసాలోని ఇంటి తోట చాలక సమీపముననే సెబాస్టొపోల్ వద్ద భూమి కొన్నాడు. విత్తునుండి వచ్చిన మొక్క కాయుటకు ఏండ్లు పట్టును. అన్ని ఏండ్లు ఆగలేక, ప్రతి పసి మొక్కనుండి ఒక్కొక్క పుల్లను తీసి పెద్ద చెట్ల కొమ్మలకు అంటు కట్టినాడు. ఒకే చెట్టుపై వందలకొలది రకముల ప్లమ్‌లు వ్రేలాడెడివి. రెండు మూడేండ్లలో కాయ చూచి, రుచి చూచి, ఒకటి రెండు ఉంచి, తక్కినవానిని కుప్పవేసి కాల్చివేసెడివాడు. ఏరుట అనగా ఉంచుట కంటె విడుచుటయే ఎక్కువ అని అతని తోట చాటినది.

ఇట్లు అతడు లోకమునకిచ్చిన ప్లమ్, ప్రూన్ రకములు 113 అని లెక్క కట్టినారు. వానిలో చాల రకములు నేడు కానరావు. మిగిలినవానిలో శిరోమణి 1906లో వెలువడిన శాంటా రోసా. తన ఊరి పేరునే దానికి పెట్టినాడు. పై తోలు ముదురు ఎరుపు, దానిపై ఊదా మెరుగు. లోపల పసుపు గుజ్జు, తోలు దగ్గర ఎఱ్ఱని చార. వాసన ఘనమైనది. జపాను ప్లమ్‌లు సాధారణముగా ప్రక్కన మరియొక రకము లేనిదే కాయవు. శాంటా రోసా ఒంటిగా నున్నను కాయును. ఒక్క చెట్టుకు మాత్రమే చోటుగల పెరటికి ఇంతకంటె మేలేమి కావలెను? మాకు జాబు వ్రాసిన తల్లి తన కూతురి పెరటి పండును వర్ణించిన తీరు అక్షరాల దీనికి సరిపోవుచున్నది.

ఈ చెట్టును పెరటిలో పెంచు విధము కష్టమైనది కాదు. ఆకు రాలి నిద్రించు శీతకాలమున, వేరుకు మన్ను లేకయే మొక్కను నాటుదురు. నీరు నిలువని చోటు, పూర్తి ఎండ ముఖ్యము. నడిమి కొమ్మను తీసివేసి, నాలుగైదు కొమ్మలు గిన్నెవలె విచ్చుకొనునట్లు కత్తిరింతురు. లోపలికి వెలుతురు ప్రవేశించినగాని పండుకు రంగు రాదు. ఇంగ్లండు వంటి తడి దేశములలో ప్లమ్‌ను శీతకాలమున కత్తిరింపరు. గాయములగుండ వెండియాకు తెగులు చొచ్చునని వేసవి పొడిలోనే ఆ పని చేయుదురు.

కొత్తవారికి మనసొప్పని పని ఒకటి కలదు. పిందెలు గోలీకాయలంత అయినప్పుడు, నాలుగైదు అంగుళముల దూరమునకు ఒక్కటి ఉంచి, తక్కినవానిని త్రుంచివేయవలెను. కాచిన కాయను త్రుంచుట పాపమనిపించును. త్రుంపనిచో కాయలన్నియు ఉసిరికాయలంతలోనే ఆగును, బరువుకు కొమ్మ విరుగును, మరుసటి ఏడు చెట్టు అలసి కాపు మానును. బర్బాంక్ మొక్కల విషయమున చేసిన పనినే ఇంటివారు కాయల విషయమున చేయవలసియున్నది.

ఇక కోత. పండు ఎఱ్ఱబడగానే కోయరాదు. రంగు మొదలు వచ్చును, రుచి తరువాత వచ్చును. తోలుపై బూడిదవంటి సన్నని మైనపు పొర నిండుగా నుండగా, కొన దగ్గర వ్రేలితో మెల్లగా నొక్కిన కొంచెము మెత్తన తగిలినప్పుడు, అరచేత పట్టి ఇంచుక తిప్పగానే కాడనుండి విడివడినప్పుడు అది పక్వమైనదని అర్థము. చెట్టున పండ్లన్నియు ఒకేసారి పండవు. రెండు మూడు రోజులకొకసారి చొప్పున రెండు మూడు విడతలు కోయవలెను. పచ్చిగా కోసిన పండు గదిలో మెత్తబడును గాని, చెట్టు ఇచ్చు తీపి దానికి తరువాత రాదు. చెట్టున పండిన పండు రెండు మూడు దినములకంటె నిలువదు. కావున పంచిపెట్టుట తప్పదు. పెరటి చెట్టు ఇరుగుపొరుగులను కలుపుననుటకు మూలకారణము ఇదియే.

ఇక్కడనే బజారు పండునకును పెరటి పండునకును దారులు వేరగుచున్నవి. శాంటా రోసా తొలి దశలలో మంచు నింపిన రైలు పెట్టెలలో దేశమంతట ప్రయాణము చేసినది. ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున కాలిఫోర్నియా ప్లమ్ పంటలో అగ్రస్థానము వహించిన రకములలో అదియు ఒకటి. తరువాత దానికంటె గట్టివి, పెద్దవి, నల్లనివి అయిన ఫ్రయర్ మొదలగు రకములు వచ్చినవి. నల్లని తోలుపై దెబ్బ కనపడదు. పండకముందే రంగు నిండును. దుకాణములో వారముల తరబడి చెడదు. వర్తకునికి ఇవి గుణములు, తినువానికి కావు. క్రమముగా పెద్ద తోటలలో శాంటా రోసా చెట్లు నరకబడినవి. రైతును నిందించుటకు వీలు లేదు, అతడు అమ్ముడు పోవుదానినే పండించును. అట్లు తోటలనుండి తొలగిన పండునకు నేడు ముఖ్యమైన ఆశ్రయము పెరడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. ఈ పండు విషయమున పెరటి చెట్టే మందైనది.

బర్బాంక్ జీవితములో ఒక కొరత కలదు. దానిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. 1905 నుండి కార్నెగీ సంస్థ అతని పరిశోధనలకు సంవత్సరమునకు 10,000 డాలర్లు ఇచ్చినది. అతని పద్ధతులను వ్రాసి పెట్టుటకు జార్జి షల్ అను శాస్త్రవేత్తను పంపినది. షల్‌కు వ్రాయుటకు కావలసిన లెక్కలు దొరకలేదు. ఏ పూవుకు ఏ పుప్పొడి, ఏ తరమున ఎన్ని మొక్కలు అను వివరములను బర్బాంక్ శ్రద్ధగా వ్రాసి ఉంచలేదు. అతని కన్నే అతని పుస్తకము. కొన్ని ఏండ్లకే సంస్థ ఆ ధనమును ఆపివేసినది. శాస్త్రజ్ఞులు చేసిన ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. వ్రాసి ఉంచని విద్య మనిషితో పోవును. శాంటా రోసాకు తల్లిదండ్రులెవరో నేటికిని తోచినంతవరకే చెప్పగలుగుచున్నాము.

రెండవ బాధ హక్కునకు సంబంధించినది. యంత్రము కనిపెట్టినవానికి పేటెంటు కలదు. పండు కనిపెట్టినవానికి ఆ దినములలో ఏ హక్కును లేకుండెను. ఒక పుల్ల అమ్మగానే కొన్నవాడు లక్ష అంట్లు కట్టి అమ్ముకొనవచ్చును. బర్బాంక్ దీనిని గురించి చాల వాపోయినాడు. 1926 ఏప్రిల్ 11వ తేదీన అతడు మరణించిన నాలుగేండ్లకు, 1930లో అమెరికాలో మొక్కల పేటెంటు చట్టము వచ్చినది. థామస్ ఎడిసన్ దానిని బలపరచినాడు. బర్బాంక్ పేర అతని మరణానంతరము 16 పేటెంట్లు ఇచ్చినారు. వానిలో ప్లమ్‌లును ఉన్నవి. చిత్రమేమన్న, అంటువలనను కొమ్మవలనను వృద్ధియగు మొక్కలకు వర్తించిన ఆ చట్టము దుంపలవలన వృద్ధియగువానిని మినహాయించినది. ఒక ఆలూకు హక్కు వచ్చినది, రెండవ ఆలూకు రాలేదు. ఆ చట్టము అతని యౌవనముననే ఉండియున్నను ఆ 150 డాలర్లు 150గానే ఉండెడివి.

భారతీయులకు బర్బాంక్ పేరు మరియొక దారిన తెలిసినది. పరమహంస యోగానంద శాంటా రోసా తోటకు వెళ్ళి అతనితో స్నేహము చేసినాడు. 1946లో వెలువడిన తన ఆత్మకథను బర్బాంక్ స్మృతికే అంకితము చేసి, అతనిని అమెరికా దేశపు సాధువుగా గౌరవించినాడు. బర్బాంక్‌ను అతని ఇంటి తోటలోనే, తాను నాటుకొన్న దేవదారు వృక్షము క్రింద సమాధి చేసినారు. ఆ ఇల్లును తోటయు నేడు ప్రజలు దర్శించు జాతీయ చారిత్రక స్థలము. అతని జన్మదినమైన మార్చి 7వ తేదీ కాలిఫోర్నియాలో వృక్షోత్సవ దినము.

దక్షిణమున పెలియే సోదరుల లోయ మాత్రము గుర్తుపట్టరానంత మారినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ప్రూన్ తోటలు ఒక్కొక్కటి ఇళ్ళకును కర్మాగారములకును స్థలమిచ్చినవి. హృదయానందపు లోయ అను పేరు పోయి సిలికాన్ లోయ అను పేరు వచ్చినది. అందు నేడు వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. వారు తిరుగు వీధులలో చాల భాగము ఒకనాటి పండ్ల తోటలే. అక్కడక్కడ పాత ఇళ్ళ పెరళ్ళలో మిగిలిన ప్లమ్ చెట్టు, ఆప్రికాట్ చెట్టు ఆ కాలమునకు కడపటి సాక్షులు.

మా గుంటూరు సోదరికి మేము వ్రాసిన జాబు ఈ కథకు సారాంశమే. “అమ్మా, టెంకలు తేవలదు. తెచ్చినను ఆ పండు రాదు. మన ఎండకు చెట్టు కాయదు. పైగా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారము అనుమతి లేక విదేశపు విత్తనములు తేరాదు. ఆ పండును అక్కడనే బ్రతికింపుడు. చెట్టును కొట్టుట తప్పనిచో జనవరి వరకు ఆగుడని అల్లుడు గారితో చెప్పుడు. ఆకు రాలి మొగ్గ నిద్రించుచుండగా, పెన్సిలంత లావు గల నిరుటి కొమ్మలను జానెడు పొడవున కోసి, తడి గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచుడు. ఆపిల్ పండ్లు లేని అరలో ఉంచవలెను. వసంతారంభమున పెరటి మూల మరియొక ప్లమ్ మొక్కను నాటి, దానిపై ఆ పుల్లలను అంటు కట్టుడు. మామిడి అంటు కట్టుట చూచిన కన్నులకు ఇది కొత్త విద్య కాదు” అని వ్రాసితిమి.

ఈ సంవత్సరము వైశాఖములో ఆమెనుండి రెండవ జాబు వచ్చినది. ఈసారి గుంటూరునుండియే. గది కట్టినారట. చెట్టు పోయినదట. జనవరిలో ఆమె ఇంకను అక్కడనే ఉండినందున పుల్లలు తానే కోసినారట. మార్చిలో అంటు కట్టినది కూతురు. ఫోనులో బొమ్మ చూచుచు, “కత్తి అటు కాదమ్మా, ఇటు” అని తల్లి గుంటూరునుండి చెప్పుచుండగా కట్టినదట. మూడు పుల్లలలో రెండు ఎండిపోయినవి. ఒకటి చిగిర్చినది.

ఆ ఒక్క చిగురు కాయుటకు రెండు మూడు ఏండ్లు పట్టును. అది కాచిననాడు, 1906లో శాంటా రోసా తోటలో ఒక మనిషి వేల మొక్కలను కాల్చి మిగిల్చుకొన్న ఆ చెట్టే మరల కాచినట్లు. ఆ జూన్ నెలకు మరల వెళ్ళుటకు ఆమె ఇప్పటినుండియే అనుకొనుచున్నారు. పచ్చడికి కావలసిన ఎండుమిరపకాయలు మాత్రము ఇక్కడినుండియే తీసికొని పోవుదునని వ్రాసినారు.